75 కోట్ల మోతాదులు

1961లో ఓక్లాండ్ ట్రిబ్యూన్ పత్రికలో ఒక యంత్రం ఫొటో వచ్చింది. పేరు లీనియర్ యాక్సిలరేటర్, కణాల్ని వేగంగా పరిగెత్తించే యంత్రం. కట్టింది ఏ విశ్వవిద్యాలయమో కాదు, హైస్కూలు చదువుతున్న ఒక పిల్లవాడు. కట్టింది స్కూలు సైన్స్ ల్యాబులోనే. పాదరసాన్ని బంగారం చెయ్యాలని అతని ప్రయత్నం.

వినడానికి తిక్కలా ఉంటుంది కానీ లెక్క సరైనదే. పాదరసం పరమాణువులో 80 ప్రోటాన్లు, బంగారంలో 79. తేడా ఒక్కటి. ఆ ఒక్కదాన్నీ తప్పించగలిగితే చాలు. వేమన చుట్టూ అల్లుకున్న కథల్లోనూ బంగారం చేసే యోగం ఒకటి వినిపిస్తుంది. ఆ కథల్లోని రసవాదులు మూలికలు నూరితే, ఈ కుర్రాడు కరెంటును నమ్ముకున్నాడు.

పేరు టిమ్ స్కలీ. 1944 ఆగస్టులో పుట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు బే అవతలున్న ప్లెజెంట్ హిల్ అనే ఊళ్లో పెరిగాడు. సిగ్గరి. మనుషులకన్నా సర్క్యూట్లతో ఎక్కువ చనువు. ఎనిమిదో తరగతిలోనే చిన్న కంప్యూటర్ తయారుచేసి 1958లో బే ఏరియా సైన్స్ ఫెయిర్‌లో ప్రశంస అందుకున్నాడు. కంప్యూటరంటే గదంత యంత్రమని జనం అనుకునే రోజులవి. వేసవి సెలవులొస్తే మిగతా పిల్లలు బీచిల వెంట పడుతుంటే, ఇతను బర్క్‌లీలోని లారెన్స్ రేడియేషన్ లేబొరేటరీకి పనికి వెళ్లేవాడు. అమెరికా అణుశాస్త్రానికి పుట్టిల్లు లాంటి చోటు అది. స్కూలు చివరి ఏడాది ఎగరగొట్టి, నేరుగా బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మ్యాథమెటికల్ ఫిజిక్స్‌లో చేరాడు. రెండేళ్లు చదివాక 1964లో సెలవు పెట్టేశాడు. చదువు రాక కాదు, ఎలక్ట్రానిక్ డిజైన్ కన్సల్టెంటుగా పనులు మీద పడుతుంటే క్లాసులకు తీరిక లేక.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది సిలికాన్ వ్యాలీ కథ అయ్యేది. ఇరవై ఏళ్లు, చేతిలో విద్య, ఇంటి చుట్టూ రేపో మాపో కోట్లు కురవబోతున్న నేల. ఇంకేం కావాలి?

1965 ఏప్రిల్ 15న చిన్ననాటి స్నేహితుడితో కలిసి స్కలీ మొదటిసారి ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు.

అప్పటికి అది నేరం కాదు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో దాన్ని తయారుచేశాడు. రై పంటకు పట్టే ఎర్గాట్ అనే బూజు దానికి మూలం. పనికిరాదని పక్కన పెట్టిన పదార్థాన్ని ఐదేళ్ల తర్వాత మళ్లీ చేస్తుండగా అనుకోకుండా అతని ఒంట్లోకి చేరింది. అది చేసే మాయ అప్పుడు తెలిసింది. తరవాత మానసిక వైద్యులు దాన్ని పరిశోధనల్లో వాడారు. అందరినీ అబ్బురపరిచింది దాని మోతాదు. మామూలు మందుల్ని మిల్లీగ్రాముల్లో కొలుస్తాం, దీన్ని మైక్రోగ్రాముల్లో కొలవాలి. మిల్లీగ్రాములో నాలుగో వంతు చాలు, మనిషి గంటల తరబడి ఈ లోకంలో ఉండడు.

ఆ రోజు స్కలీకి కలిగింది చాలామందికి కలిగిందే. తాను, చెట్టు, పక్కింటివాడు అంతా ఒకటేనన్న అనుభూతి. రెండున్నరేళ్ల కిందటే క్యూబా క్షిపణుల సంక్షోభంలో అమెరికా, రష్యా అణుయుద్ధం అంచుదాకా వెళ్లొచ్చాయి. వియత్నాంలో యుద్ధం ముదురుతోంది. అణుశాస్త్ర ప్రయోగశాలలో వేసవులు గడిపిన కుర్రాడికి ఆ భయం పేపర్లో చదివి పక్కన పెట్టేది కాదు. ఈ అనుభవం అందరికీ కలిగితే ఎవడు ఎవడి మీద బాంబు వేస్తాడు, అనుకున్నాడు.

ఇలా అనుకున్న వాళ్లు కాలిఫోర్నియాలో వీధికి పదిమంది. వాళ్లు పాటలు కట్టారు, పూలు పెట్టుకున్నారు, కొందరు హిమాలయాలకు బయల్దేరారు. స్కలీ ఇంజనీరు. అతనికి తట్టిన ప్రశ్న వేరు. ఎంత కావాలి?

లెక్క 75 కోట్ల మోతాదులకు తేలింది. ప్రపంచ జనాభా సుమారు 330 కోట్లున్న రోజులవి. మోతాదుకు 270 మైక్రోగ్రాముల చొప్పున చూస్తే మొత్తం 200 కిలోలు. రెండు క్వింటాళ్ల బియ్యం బరువు. అంతే కదా, ప్రపంచశాంతి!

నవ్వొస్తుంది నిజమే. కానీ అతడు నవ్వులాటకు అనలేదు. ప్రభుత్వం దీన్ని ఎక్కువ కాలం వదిలిపెట్టదని ముందే పసిగట్టాడు. నిషేధం పడేలోపు ముడిసరుకు లైసర్జిక్ ఆమ్లాన్ని వీలైనంత పోగెయ్యాలి. వాకబు చేస్తే, బర్క్‌లీలోనే ఒకాయన దగ్గర 440 గ్రాములు ఉన్నట్టు తెలిసింది.

ఆయన అగస్టస్ ఔస్లీ స్టాన్లీ, మూడో తరం. తాత కెంటకీ రాష్ట్రానికి గవర్నరు, ఆపైన సెనేటరు. మనవడు ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలేసి, ఎయిర్‌ఫోర్సులో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, బ్యాలే నాట్యం కూడా సాధన చేసి, చివరికి లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి సొంతంగా ఎల్‌ఎస్‌డీ చెయ్యడం మొదలుపెట్టాడు. అందరూ పిలిచే పేరు బేర్, అంటే ఎలుగుబంటి. పూర్తిగా మాంసం మీదే బతికేవాడు. కూరగాయలు మనిషి తిండి కాదని వాదించేవాడు. ఎల్‌ఎస్‌డీ తయారీలో దొరికిన డబ్బుతో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే కొత్త రాక్ బృందాన్ని పోషించడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ కలిసేసరికి స్కలీకి 21, ఔస్లీకి 30. కుర్రాడు వచ్చింది రసాయనం నేర్చుకోడానికి. గురువు మాత్రం అతని చేతికి సోల్డరింగ్ పని ఇచ్చాడు. బ్యాండుకు మంచి ఆంప్లిఫయర్లు, మైకులు కావాలి, ముందు అవి చూడు అన్నాడు. నెలల తరబడి అదే పని. శిష్యుడు నోరు జారతాడా, భయపడి పారిపోతాడా, అన్నీ ఆ నెలల్లో తేలిపోయాయి.

1966 ఫిబ్రవరి 12 రాత్రి. లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ ప్రాంతం. ఆరు నెలల కిందటే అల్లర్లలో తగలబడిన నల్లజాతి పేట. అక్కడొక పెద్ద హాల్లో యాసిడ్ టెస్ట్ (యాసిడ్ అంటే ఎల్‌ఎస్‌డీయే) పేరుతో నవలాకారుడు కెన్ కీసీ మనుషులు జరిపే జాతర. బ్యాండు వాయిస్తోంది, గోడల మీద రంగులు కదులుతున్నాయి. పీపాల్లో పళ్ల రసం లాంటి కూల్-ఎయిడ్. అందులో ఎల్‌ఎస్‌డీ కలిపారన్న సంగతి వచ్చిన వాళ్లందరికీ తెలియదు. తెలియకుండా తాగినవాళ్లు కొందరు తట్టుకోలేక విలవిల్లాడారు. ఒకమ్మాయి ఎవరికి పట్టిందంటూ కేకలు పెడుతుంటే, ఎవరో ఆ కేకల దగ్గరికి మైకు పట్టుకెళ్లి హాలంతా వినిపించారు.

ఆ రాత్రి స్కలీ అక్కడే ఉన్నాడు, గురువు వెంట. మందు స్వచ్ఛంగా ఉంటే చాలదని, తాగేవాడికి ఏం తాగుతున్నాడో తెలియాలని, పక్కన ఆదుకునే మనిషి ఉండాలని రుజువైన రాత్రి అది. ఆ రుజువును అతడు వెంటనే స్వీకరించలేదు. నమ్మకం బలంగా ఉన్నప్పుడు కళ్లెదుట జరిగిందాన్నీ ఒక పొరపాటు కింద జమకట్టుకోవడం తెలివైనవాళ్లకు బాగా చేతనవుతుంది.

అదే ఏడాది బే ఏరియాలోని పాయింట్ రిచ్‌మండ్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కింద సెల్లార్‌లో ల్యాబు. ఔస్లీ, కెమిస్ట్రీ తెలిసిన అతని సహచరి మెలిస్సా కార్గిల్, శిష్యుడుగా స్కలీ. ఈ పదార్థానికి వెలుతురు పడదు, వేడి పడదు, గాలి కూడా పడదు. కాబట్టి ఫొటోలు కడిగే చీకటిగదిలాంటి మసక వెలుగులో పని. ఔస్లీకి స్వచ్ఛత పిచ్చి. సాండోజ్ సరుకును మించాలి, అంతే. చివరికి వచ్చిన స్ఫటికాల్ని చీకట్లో కుదిపితే చిన్న చిన్న మెరుపులు మెరిసేవి. రాపిడికి వెలుగిచ్చే గుణం, స్వచ్ఛతకు గుర్తు. పొడి ఏ కాస్త ఒంట్లోకి చేరినా చాలు, మత్తెక్కుతుంది. ఎంత జాగ్రత్త పడినా ఆ సెల్లార్‌లో పనిచేసేవాళ్లు ఎంతో కొంత మత్తులోనే ఉండేవారు.

మూడు లక్షలకు పైగా బిళ్లలు తయారయ్యాయి. పేరు వైట్ లైట్నింగ్. అన్ని లక్షల బిళ్లల్లో ఉన్న అసలు పదార్థం ఎనభై గ్రాముల చిల్లర.

ఔస్లీ చేసిన తమాషా ఒకటి చెప్పుకోవాలి. ఒకసారి ఒకే సరుకును ఐదు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక్కో రంగు కలిపి బిళ్లలు చేయించాడు. కొద్దిరోజుల్లోనే వీధుల్లో మాట పుట్టింది: ఎర్రది మెత్తన, పచ్చది కాస్త గరుకు, నీలంది రెంటికీ మధ్యస్తం. లోపలున్నది మాత్రం ఒకటే! మందు ఎంతో, దాన్ని మింగే మనసు వాటా ఎంతో తెలిసే ప్రయోగం చేతికొచ్చింది. నా లెక్కలో, 75 కోట్ల పథకాన్ని అక్కడే చించి పారెయ్యాలి. ఒకే బిళ్ల ఒకడికి దేవుణ్ణి చూపించి, ఇంకొకణ్ణి దయ్యంలా పట్టుకుంటుందంటే, దాంతో ప్రపంచాన్ని దిద్దడం ఎలా కుదురుతుంది?

1966 అక్టోబరు 6న కాలిఫోర్నియా ఎల్‌ఎస్‌డీని నిషేధించింది. స్కలీ సామాను సర్దుకుని కొలరాడోకు వెళ్లాడు. డెన్వర్ జంతుప్రదర్శనశాల ఎదురుగా ఒక ఇంటి సెల్లార్‌లో 1967 మొదట్లో కొత్త ల్యాబు లేచింది. ఫెడరల్ ఏజెంట్లు వెనకే ఉన్నారు. గాజు సామాను కొనాలన్నా, కారు తియ్యాలన్నా వెనక్కి చూసుకునే బతుకైపోయింది. ఫెయిర్‌లో మెచ్చుకోలు పొందిన పిల్లవాడు ఇప్పుడు మారు పేర్లతో అద్దె ఇళ్లు వెతుకుతున్నాడు.

ముడిసరుకు అడుగంటింది. అలాంటప్పుడు గురుశిష్యులు ఇంకో పదార్థం ఎత్తుకున్నారు. కాలిఫోర్నియా కెమిస్టు అలెగ్జాండర్ షుల్గిన్ కనిపెట్టిన డీఓఎం. వీధుల్లో దాని పేరు ఎస్‌టీపీ. ఈ వ్యవహారంలో ఔస్లీ, స్కలీ చేసిన తప్పు చిన్నది కాదు. బిళ్లకు 20 మిల్లీగ్రాములు పెట్టారు. షుల్గిన్ తరవాత రాసిన మోతాదు 3 నుంచి 10. పైగా ఇది మెల్లగా ఎక్కుతుంది. మింగినవాడు గంటన్నర చూసి, ఏమీ కాలేదే అని రెండోది మింగుతాడు. 1967 వేసవి, శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో వేలకొద్దీ బిళ్లలు ఉచితంగా పంచిపెట్టారు. మర్నాటికి కూడా దిగని మత్తులో, చచ్చిపోతున్నామన్న భయంతో జనం ఆస్పత్రులకు పరిగెత్తారు. ప్రేమ వేసవి (సమ్మర్ ఆఫ్ లవ్) అని ఇప్పటికీ పాటల్లో తలుచుకునే ఆ కాలానికి ఇదీ ఒక ముఖం.

ఎల్‌ఎస్‌డీ విషయంలో మైక్రోగ్రాము దగ్గర కూడా రాజీపడని మనుషులు, మోతాదు సరిగా తేలని మందును ఊరి మీదకు వదిలారు. ల్యాబులో ఎంత నిక్కచ్చిగా ఉన్నా, అవతల మింగే మనిషి ఎవరో, ఏ వయసువాడో, ఇంట్లో పిచ్చి వంశపారంపర్యంగా ఉందో లేదో వాళ్లకు తెలిసే దారి లేదు. డాక్టరు చేసే పని అది. వీళ్లలో డాక్టర్లు లేరు.

ఆ డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఒరిండాలో బిళ్లలు కొట్టే ఇంటి మీద దాడి జరిగి ఔస్లీ పట్టుబడ్డాడు. దొరికినవి 3,50,000 ఎల్‌ఎస్‌డీ మోతాదులు. కోర్టులో అతని వాదన: ఇవి నా సొంత వాడకానికి! జడ్జి ఒప్పుకోలేదు. మూడేళ్ల శిక్ష పడింది.

గురువు పక్కకు తప్పుకున్నాక స్కలీ ఆగాలి. ఆగలేదు. డెన్వర్‌లో రెండో ల్యాబు పెట్టాడు, 1968లో అదీ పోలీసుల చేతికి చిక్కింది. అప్పుడు జత కలిసినవాడు నిక్ శాండ్. బ్రూక్లిన్ కుర్రాడు, తండ్రి క్లారెన్స్ హిస్కీ అణుబాంబు తయారుచేసిన మన్‌హట్టన్ ప్రాజెక్టులో కెమిస్టు, సోవియట్ గూఢచారి కూడా. కొడుకు తండ్రి విద్య నేర్చాడు, తండ్రిలాగే ప్రభుత్వానికి కంట్లో నలుసయ్యాడు. డబ్బు బిల్లీ హిచ్‌కాక్‌ది, మెలన్ బ్యాంకు కుబేరుల వారసుడు. పంచే పని బ్రదర్‌హుడ్ ఆఫ్ ఎటర్నల్ లవ్‌ది. మతసంస్థగా రిజిస్టరై, లగూనా బీచ్ కేంద్రంగా అఫ్గానిస్తాన్ నుంచి హషీష్ దొంగరవాణా చేసే బృందం అది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన విండ్సర్ అనే పల్లెలో ఒక ఫామ్‌హౌసు దొరికింది.

స్వచ్ఛతకు ఔస్లీ కనిపెట్టిన పద్ధతుల్ని స్కలీ శాండ్‌కు నేర్పాడు. 1969 మొదట్లో అక్కడ నారింజ రంగు బిళ్లలు తయారయ్యాయి. ఆరెంజ్ సన్‌షైన్. 36 లక్షలకు పైగా. మొత్తం పదార్థం కిలోకు కాస్త ఎక్కువ. ఎల్‌ఎస్‌డీ చరిత్రలో అంతటి పేరు మరే బిళ్లకూ రాలేదు. వైట్ లైట్నింగ్‌నూ దీన్నీ కలిపినా లక్ష్యం 75 కోట్లలో అర శాతం.

ఆ అర శాతం చేరిన చోట్లేమిటి? శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీల పేట హైట్-ఆష్‌బరీ వీధుల్లో పూలు పోయి హెరాయిన్ వచ్చింది. 1969 డిసెంబరు 6న ఆల్టమాంట్‌లో జరిగిన రోలింగ్ స్టోన్స్ కచేరీలో జనం ఎల్‌ఎస్‌డీ మత్తులో తూగుతుండగా వేదిక ముందే ఒక యువకుణ్ణి కత్తితో పొడిచి చంపారు. హంతక ముఠా నాయకుడు చార్లెస్ మాన్సన్ చంపడానికి పంపిన పిల్లలు కూడా ఎల్‌ఎస్‌డీ వాడినవాళ్లే. మందు తలుపు తెరుస్తుంది, లోపలికి వచ్చేవాడు సాధువో హంతకుడో అది చూడదు. స్కలీకి ఇది మెల్లగా అర్థమైంది. ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవాడు మంచివాడవుతాడన్న సమీకరణమే తప్పు అని. 1969 మే నెలలో డెన్వర్ ల్యాబు కేసులో అరెస్టయ్యాడు. సోదా చట్టవిరుద్ధమని ఆ కేసు ఆఖరికి వీగిపోయింది. 1970కల్లా అతడు ఈ పని మానేశాడు.

ఉత్తర కాలిఫోర్నియాలోని మెండొసీనోలో బయోఫీడ్‌బ్యాక్ పరికరాలు చేసుకుంటూ కూర్చున్నాడు. గుండె వేగం, మెదడు తరంగాలు మనిషికే చూపించి, తనంతట తాను వాటిని అదుపు చేసుకోవడం నేర్పే యంత్రాలు. బయటినుంచి బిళ్ల వెయ్యకుండా మనసును లోపలినుంచే పట్టుకునే ప్రయత్నం. సర్క్యూట్ల దగ్గరికి తిరిగి వచ్చాడన్నమాట.

ప్రభుత్వం మాత్రం మర్చిపోలేదు. 1973 ఏప్రిల్‌లో అభియోగాలు వచ్చాయి, ఆ ఏడాది చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ మొదలైంది. కుట్ర, పన్ను ఎగవేత. హిచ్‌కాక్ తనకు శిక్ష లేకుండా హామీ తీసుకుని సాక్ష్యం చెప్పాడు. పెట్టుబడి పెట్టిన కోటీశ్వరుడు బయటికి, పని చేసినవాళ్లు లోపలికి. ఈ పద్ధతి ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటుంది కాబోలు. ముద్దాయిల వాదన కూడా చిత్రమే. మేం చేసింది ఎల్‌ఎస్‌డీ కాదు, దానికి దగ్గరి చుట్టం ఏఎల్‌డీ-52, చట్టంలో దాని పేరే లేదు అన్నారు. జ్యూరీ నమ్మలేదు. 1974లో జడ్జి శామ్యూల్ కాంటీ స్కలీకి 20 ఏళ్లు, శాండ్‌కు 15 ఏళ్లు వేశాడు.

1976లో అప్పీలు కోర్టు కూడా శిక్షల్ని ఖాయం చేసింది. శాండ్ బెయిలు దాటి కెనడాకు పారిపోయాడు. తరవాత ఇండియా కూడా వచ్చి పుణేలో రజనీశ్ ఆశ్రమంలో చేరాడు. ఇరవై ఏళ్ల పరారీ తర్వాత 1996లో కెనడాలో దొరికాడు, అప్పుడూ ల్యాబుతోనే. చివరిదాకా తాను చేసింది సరైన పనేనన్నాడు, 2017లో పోయాడు. ఔస్లీ జైలునుంచి వచ్చి గ్రేట్‌ఫుల్ డెడ్‌కు వాల్ ఆఫ్ సౌండ్ అనే మహా స్పీకర్ల గోడ కట్టించాడు. ఆపైన మంచుయుగం రాబోతోందని నమ్మి ఆస్ట్రేలియాకు వలసపోయి, 2011లో అక్కడే కారు ప్రమాదంలో పోయాడు.

స్కలీ పారిపోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో మెక్‌నీల్ దీవి ఫెడరల్ జైలుకు వెళ్లాడు. నీళ్ల మధ్య దీవి, పడవ మీదే రాకపోకలు. అక్కడ తోటి ఖైదీలకు కంప్యూటర్ పాఠాలు చెప్పాడు. కదల్లేని, మాట రాని వికలాంగులు యంత్రం సాయంతో తమ మాట చెప్పుకునే పరికరాలు తయారుచేశాడు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక యువతి కోసం చేసిన వ్యవస్థ అందులో ఒకటి. 75 కోట్ల మందికి అంటూ మొదలుపెట్టినవాడు ఒకే మనిషి కోసం కూర్చుని, ఆమె ఒంట్లో ఏ కండరం తన అదుపులో ఉంది, దానికి మీట ఎక్కడ అమర్చాలి అని చూస్తున్నాడు. ఇక్కడ ఎవరికి ఏం ఇస్తున్నాడో తెలుసు. సరిపడకపోతే మర్నాడు మార్చొచ్చు. పార్కులో పంచిన బిళ్లకు ఆ వీలు ఎక్కడిది?

జైల్లో ఉండగానే 1979లో సైకాలజీలో డాక్టరేటు పూర్తిచేశాడు. శిక్ష 20 నుంచి పదేళ్లకు తగ్గింది. అందులో కొంత కాలమే గడిపి పెరోల్‌పై బయటికొచ్చాడు. తరవాత ఆటోడెస్క్‌లో ప్రోగ్రామరుగా ఉద్యోగం. ఇంజనీర్లు బొమ్మలు గీసుకునే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. మన పాలిటెక్నిక్ పిల్లలూ ఆటోకాడ్ మీద చెయ్యి తిప్పుకున్నవాళ్లే. అక్కడే రిటైరయ్యే దాకా పనిచేశాడు. 2015లో అతని మీదా శాండ్ మీదా ది సన్‌షైన్ మేకర్స్ అనే డాక్యుమెంటరీ వచ్చింది. అందులో తనను వెంటాడిన ఏజెంట్లు కూడా కనిపిస్తారు.

రిటైరయ్యాక స్కలీ ఎత్తుకున్న పని, దొంగ ల్యాబుల చరిత్ర రాయడం. ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడాది ల్యాబు పెట్టారు, ముడిసరుకు ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఎన్ని గ్రాములు తీశారు అనే లెక్కలు. కోర్టు కాగితాలు, పాత పత్రికలు, బతికున్నవాళ్ల జ్ఞాపకాలు పోల్చి చూసి, తన పేరుతో సహా ఒక్కో బ్యాచీని వరసలో పెడుతున్నాడు.